సవరణ: సూపర్ హీరోల కన్నీళ్ల గురించి

పాత అమెరికన్ కామిక్స్‌లో సూపర్ హీరోలు ఏడ్చేవారు కాదని, అది 1980ల తర్వాతే మొదలైందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు.

ఒక పాఠకుడు చెప్పాక పాత సంచికల పునర్ముద్రణలు తిరగేశాను. 1968 నవంబరు నాటి అవెంజర్స్ అనే సూపర్ హీరోల జట్టు కామిక్ 58వ సంచికలో, జట్టులో చోటిచ్చారని తెలిసి విజన్ అనే పాత్ర కన్నీళ్లు పెట్టుకుంటాడు. విజన్ మనిషి కూడా కాదు, ఆండ్రాయిడ్, అంటే మనిషి రూపంలో ఉండే యంత్రం! కథ పేరు కూడా ‘ఆండ్రాయిడ్ సైతం ఏడవగలదు’ అనే అర్థం వచ్చేదే. రాసింది రాయ్ థామస్, గీసింది జాన్ బుసేమా. ఇక 1973 జూన్ నాటి స్పైడర్‌మ్యాన్ 121వ సంచికలో ప్రియురాలు గ్వెన్ స్టేసీ చనిపోయినప్పుడు పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) పడే వేదన సంగతి చెప్పక్కర్లేదు. దాన్నెలా మర్చిపోయానో!

కన్నీళ్లు ఎప్పుడూ ఉన్నాయి, మారింది చూపించే తీరు. అప్పట్లో పాత్ర బాధనంతా తల మీది ఆలోచనల బుడగల్లో నింపేసేవారు. 1986లో మొదలైన వాచ్‌మెన్ అనే కామిక్ ఆ బుడగల్ని పూర్తిగా వదిలేసింది. ఇప్పటి కామిక్స్‌లో అవి అరుదు. ముఖకవళికలు, మాటల్లేని ప్యానెళ్లు ఆ పని చేస్తున్నాయి.

పాతవి తక్కువ రకమని నేననలేదు. కొందరు ఆ పోస్టును అలా అర్థం చేసుకున్నారు. నాకైతే ఆ బుడగలే ఇష్టం.