మావయ్య కంట్లో బుడగ

భూగోళం వేడెక్కుతున్న కేసులో ముద్దాయి దొరికాడు. శ్రీకాకుళంలో, మా ఇంటి వెనక గదిలో, నులక మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. మా మావయ్యే. పని మానేసిన తాపీ మేస్త్రి.

కుడికంట్లో మాక్యులా దగ్గర, అంటే చూపునిచ్చే వెనక పొర రెటీనా నడిమధ్యన, చిన్న చిల్లు పడింది. విశాఖలో ఆపరేషన్ చేసి, కంటి గుల్లలో ఉండే జిగురు తీసేసి, ఆ చోట గ్యాసు బుడగ పెట్టారు. బుడగ పైకి తేలుతుంది కదా, మనిషి బోర్లా ఉంటేనే అది వెనకున్న రెటీనాకు ఆనుకుని చిల్లు పూడనిస్తుంది. "స్లాబుకి సెంట్రింగు పెట్టినట్టన్నమాట" అని మావయ్య ఇట్టే పట్టేశాడు. నాకు అర్థం కాక గ్యాసు పేరు కనుక్కుని ఇంటికొచ్చి వెతికాను. అప్పటినుంచి నిద్ర లేదు.

దాని పేరు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. 1997లో క్యోటోలో భూమి వేడెక్కడం తగ్గించాలని దేశాలన్నీ కూర్చుని రాసుకున్న ఒప్పందంలో పేరెక్కిన నిందితురాలు. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 23,500 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. గాల్లో వెయ్యేళ్లుంటుందని కొందరు, 3,200 ఏళ్లని కొందరు. మావయ్య కట్టిన గోడ ఏదీ అన్నాళ్లు నిలవదు.

ఇంకో ఘోరం. చూపు తిరిగొస్తే అరసవల్లి వస్తానని ఆయన ముందే మొక్కుకున్నాడు. ఎండ వేడిని భూమ్మీద నుంచి పోనివ్వని సరుకు కంట్లో పెట్టుకుని, దర్శనానికి సూర్యనారాయణమూర్తి దగ్గరికే! స్వామి ఏమనుకుంటాడో అన్న ఆలోచనైనా లేదు మనిషికి.

పౌరుడిగా నా బాధ్యత కాబట్టి గోడ మీది క్యాలెండర్ వెనక లెక్క కట్టాను. సిరంజిలో 50 మిల్లీలీటర్లు కలిపితే అందులో అసలు గ్యాసు 10, మిగతాది వడకట్టిన గాలి. కంట్లో పట్టేదేమో నాలుగు మిల్లీలీటర్లు. తక్కినదంతా పెళ్లి విస్తట్లో వదిలేసిన కూరలా బయటికే. ఆ 10 మిల్లీలీటర్ల బరువు గ్రాములో పదహారో వంతు. 23,500తో గుణిస్తే కిలోన్నరకి కాస్త తక్కువ కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కిలోన్నర! మావయ్య ఒక్కడే!

కంట్లోదైనా అక్కడే ఉంటుందా? మెల్లగా రక్తంలో కలిసి, ఊపిరితో బయటికొస్తుంది. అంటే రెండు వారాలుగా ఆయన మా ఇంట్లోనే బహిరంగంగా నేరం చేస్తున్నాడు. అత్తయ్య పక్కనే కూర్చుని చోద్యం చూస్తోంది.

విమానం ఎక్కొద్దు, కొండలెక్కొద్దు, పైకి పోయేకొద్దీ బుడగ ఉబ్బుతుందని డాక్టర్లు చెప్పారు. అందుకని ఎస్.కోట మీదుగా అరకు వెళ్దామనుకున్న కార్తీక మాసం పిక్నిక్ మానుకున్నాం. భూమికి ఆ మేరకు ఒరిగిందేమో గానీ, నేరం తగ్గించే వాదనగా దీన్ని నేను ఒప్పుకోను. కొన్ని చిల్లులకు వడకట్టిన మామూలు గాలే చాలుతుందని కూడా చదివాను. అది డాక్టర్లు తేల్చుకోవాల్సిన సంగతి. నా డిమాండ్ ఒక్కటే: బళ్లకున్నట్టు కళ్లకూ పొల్యూషన్ సర్టిఫికెట్ పెట్టాలి.

ఇదే గ్యాసు పెద్ద కరెంటు సబ్‌స్టేషన్లలో సరఫరా తెంచే బ్రేకర్లలో కిలోల లెక్కన ఉంటుందని ఒక మిత్రుడు గుర్తుచేశాడు. ఒక్క కిలో కారిందంటే పదహారు వేల మంది మావయ్యలతో సమానమట. నిజమే. కానీ అక్కడ కంచె ఉంది, పుర్రె బొమ్మ బోర్డుంది, వాచ్‌మన్ ఉన్నాడు. మావయ్యకి అవేవీ లేవు. విచారణ సులువు.

మొదటి వారంలో "రసమట్టంలో బుడగలా ఊగుతోందల్లుడూ" అనేవాడు. తర్వాత సెనగ్గింజంత అయింది. నిన్న పొద్దున్న అదీ లేదు. మావయ్య లేచి కూర్చుని, ఎడమకన్ను చేత్తో మూసుకుని, క్యాలెండర్ దగ్గరికెళ్లి నా లెక్క మొదటి గీత నుంచి చదివాడు. మేస్త్రి గోడ చూసినట్టు చూశాడు.

"ఏటల్లుడూ, ఇక్కడ కారు లెక్క రాయనేదేటి?"

ఆపరేషన్‌కోసారి, చెకప్‌కోసారి, ఏసీ వేసుకుని విశాఖ రానూపోనూ ముప్పై లీటర్ల పెట్రోలు పోయించాను. లీటరుకి రెండు కిలోల పైన లెక్కన డెబ్బై కిలోల దాకా అవుతుంది.

"ఆ కన్ను ఇంకా కుదుటపడలేదు మావయ్యా, పడుకో" అన్నాను.