రైలు ఆగితే దారి మార్చాలా, ఊళ్లోనే ఆగాలా?

కడపలో నవంబర్ వాయుగుండం. రాజంపేట వైపు పట్టాల మీదికి నీళ్లొచ్చాయని రేణిగుంట వెళ్లే రైళ్లు ఆపేశారు. ఒంటిమిట్ట చూసుకుని తిరుపతి పోదామని బయల్దేరిన కుటుంబం స్టేషన్ దగ్గరి లాడ్జిలో చిక్కుకుపోయింది. వాదించుకునేది ఇద్దరు. ఒకరు పట్టాల పని చూసి రిటైరైన మామ. ఇంకొకరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మేనకోడలు. మనుషులు కల్పితం, వాదన మాత్రం వానాకాలంలో ఎవరికైనా ఎదురయ్యేదే.

మేనకోడలు: టికెట్ గురించి టెన్షన్ లేదు మామా. రైలు రద్దయింది కాబట్టి ఆన్‌లైన్ టికెట్ డబ్బులు వాటంతటవే వెనక్కొస్తాయి. నా బాధంతా సెలవుల గురించే. పిల్లల్ని ఇంతదూరం తెచ్చి గదిలో కూర్చోబెట్టలేను. వాన తూర్పున కదా, మనం పడమటికి పోదాం. కారు మాట్లాడుకుంటే గండికోట, అట్నుంచి బెలుం గుహలు.

మామ: రైలు ఆపిన రోజున కారెక్కుతానంటావేంది అమ్మాయీ? పట్టాలుండేది ఎత్తు కట్ట మీద. ఆ కట్ట మీదికే నీళ్లొచ్చినాయంటే, కింద వాగులు దాటే రోడ్డు సంగతేంది?

మేనకోడలు: అదంతా రాజంపేట వైపు. నేను చెప్పేది జమ్మలమడుగు వైపు.

మామ: వాన ఎక్కడ పడిందని కాదు, నీళ్లు ఎట్లా పారతాయని చూడాల. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. నందలూరు, రాజంపేట మధ్య పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకుని మనుషులు పోయినారు. అది తూర్పు. రెండు రోజులకే పడమట కమలాపురం దగ్గర పాపాగ్ని మీద హైవే వంతెన కూలింది. దానికి కారణం పైన వెలిగల్లు ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు. ఆ పొద్దు నీలాగే 'వరద తూర్పున కదా' అనుకుని కారెక్కినోళ్ల పరిస్థితి ఏంది?

(ఇక్కడ మామ చెప్పిందాన్ని కొట్టిపారేయలేం. మన తల మీద ఆకాశం తేటగా ఉన్నంత మాత్రాన దారి బాగుందని కాదు. గండికోట లోయలో పారే పెన్న పుట్టేది కర్ణాటకలోని నంది కొండల్లో. అక్కడి వాన ఇక్కడికి రావడానికి టైం పడుతుంది.)

మేనకోడలు: అంత పెద్ద వరద ఏటా రాదు కదా. దాన్నే లెక్కలో పెట్టుకుంటే నవంబర్‌లో ఎవరూ గడప దాటకూడదు. పైగా గండికోట లోయ నీళ్లున్నప్పుడే బాగుంటుంది.

మామ: బాగుంటుంది, కాదనను. లోతు ఎంత? సుమారు 300 అడుగులు. అంచున బండలు తడిసి జారుతుంటాయి. చిన్నోడు ఒకచోట నిలబడే రకమా? నీకు ఫొటో ఆత్రం, వానికి పరుగెత్తే ఆత్రం.

మేనకోడలు: సరే, గండికోట వద్దు. ఆ మాట ఒప్పుకుంటా. మరి నీ ప్లాన్ ఏంటి?

మామ: కడపలోనే ఉందాం. దేవుని కడప వెంకన్నను చూద్దాం. ఉగాదికి ముస్లింలు కూడా వచ్చి దండం పెట్టుకునే గుడి అది. అట్నుంచి పెద్ద దర్గా. సాయంత్రం కారం దోసె. ఇంటిముందర ఇంత పెట్టుకుని ఎప్పుడూ రైలెక్కి దాటిపోతాం. పుష్పగిరి మాత్రం వద్దు, అది పెన్న ఒడ్డు.

మేనకోడలు: అవి తప్పకుండా చూద్దాం. కానీ రెండూ ఒక పూటలో అయిపోతాయి. రేపు? నేనొకటి అడుగుతా, చెప్పు. గుంతకల్లు వైపు రైళ్లు నడుస్తున్నాయా?

మామ: ఇప్పటికైతే నడుస్తున్నాయి.

మేనకోడలు: అయితే రైల్లోనే తాడిపత్రి పోదాం. చింతల వెంకటరమణ స్వామి గుడిలో రథం ఆకారంలో కట్టిన గరుడ మండపం, బుగ్గ రామలింగేశ్వరాలయంలో పూర్తికాని గోపురాలు. ఆ రాతి పని ముందు పిల్లలు నోరు తెరుచుకుని నిలబడతారు. కారు లేదు, వాగు లేదు.

మామ: ఆ దారిలోనే మంగపట్నం ఉంది, తెలుసా? 1902 సెప్టెంబర్‌లో వానకు వంతెన కొట్టుకుపోయి మద్రాసు మెయిల్ వాగులో పడింది. పదుల మంది పోయినారు. మేం పనిలో చేరిన కొత్తలో పెద్దోళ్లు చెప్పేటోళ్లు.

మేనకోడలు: అలాంటివి చూశాకే కదా వానాకాలంలో పట్టాల వెంట గస్తీ పెట్టేది! నువ్వే చెప్పేవాడివి, రాత్రంతా లైటు పట్టుకుని నడిచేవాళ్లమని, వంతెన స్తంభం మీద ప్రమాద గుర్తు దాకా నీళ్లొస్తే బండి ఆపేసేవాళ్లమని. ఇవాళ రాజంపేట వైపు ఆపింది కూడా అలాంటి మనుషులే. వాళ్లు ఆపితే నమ్ముతున్నావు. వదిలితే ఎందుకు నమ్మవు? కారు డ్రైవర్‌కు వాగు లోతు చెప్పేవాళ్లెవరూ లేరు. రైలుకు ఉన్నారు.

(నా దృష్టిలో వాదన ఇక్కడే తేలింది. రైలు ఆగినప్పుడు రోడ్డెక్కకూడదన్న మామ మాట ఎంత సరైనదో, రైలు నడుస్తున్న వైపు రైల్లో పోవచ్చన్న మాట కూడా అంతే సరైనది. రెండింటికీ ఆధారం ఒకటే: పట్టాల మీద తడుస్తూ నడిచే మనిషి.)

మామ: ...మాట్లాడటం నేర్చినావు. సరే, రెండు షరతులు. పొద్దున పోయే బండికి పోవాల, చీకటి పడకముందే తిరిగి రావాల. బుగ్గ గుడి కూడా పెన్న ఒడ్డే, ఏటి వైపు దిగొద్దు.

మేనకోడలు: గది ఖాళీ చేయం. తిరుగు బండి ఆగితే తాడిపత్రిలోనే ఉండటానికి ఒక జత బట్టలు, అత్త మందులు సంచిలో పెడతా. ఎక్కే ముందు 139కి ఫోన్ చేసి కనుక్కుంటా. తాడిపత్రి దారిలో ముద్దనూరు దాటి బండ్లు పోవట్లేదంటే దేవుని కడపే.

మామ: ఒంటిమిట్ట వదిలేసినట్టేనా?

మేనకోడలు: వదలను. చైత్ర పౌర్ణమి రాత్రి రాములోరి కళ్యాణానికి వద్దాం. ఎండాకాలంలో చెయ్యేరు మనల్ని ఆపదు. టికెట్ నువ్వే బుక్ చెయ్యి.