రెండు కంపెనీలు కలిస్తే రెట్టింపు లాభం వస్తుందని ఎవరు చెప్పారు?

ఈ ఉదయం మా బంధువుల గ్రూపులో ఒక పెట్టుబడి సలహాదారు సందేశం పెట్టారు. రెండు సాఫ్ట్‌వేర్ కంపెనీలు విలీనమయ్యాయట, ఇక వాటికి తిరుగులేదట, ఈ వారంలోనే కొనాలట. అంత పొడవు సందేశంలో అప్పుల ఊసు లేదు, షేర్ల మార్పిడి నిష్పత్తి, అంటే ఒక కంపెనీ షేర్లకు రెండో దాని షేర్లు ఎన్ని ఇస్తారన్న లెక్క, లేదు. ఆయన ఫోన్ నంబరు మాత్రం పైనా ఉంది, కిందా ఉంది. అది చదివి మా తమ్ముడు ఫోన్ చేశాడు: "అన్నయ్యా, చీటీ డబ్బు చేతికొచ్చింది, పెట్టేయనా?" అప్పటి నుంచి నా ఒళ్లు మండిపోతోంది.

కలిస్తే కంపెనీ పెద్దదవుతుంది. వాటాదారుకు ఏం మిగులుతుందన్నది వేరే లెక్క. 2018 ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒక్కటైనప్పుడు 40 కోట్లకు పైగా చందాదారులు, దేశంలోనే అతిపెద్ద టెలికాం సంస్థ అని ఊదరగొట్టారు. జియో దెబ్బకు రెండూ అప్పటికే చితికిపోయి ఉన్నాయని ఈ సలహాదారులకు తెలియదా? ఏడాది తిరగకముందే ₹12.50 చొప్పున షేర్లు అమ్మి ₹25,000 కోట్లు తెచ్చుకున్నారు. 2019 అక్టోబరులో టెలికాం కంపెనీలు ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలపై సుప్రీంకోర్టు తీర్పు వాటికి వ్యతిరేకంగా వచ్చింది. ఒక్క త్రైమాసికంలో నష్టం ₹50,921 కోట్లు! 2023లో వడ్డీ బకాయిల కింద ప్రభుత్వానికే ₹10 చొప్పున షేర్లు ఇచ్చారు. కొత్త షేర్లు వచ్చినప్పుడల్లా, వాటిని కొనని పాత వాటాదారు వాటా కరిగిపోయింది.

అసలు హైదరాబాదు వాళ్లం మనం ఇంత తొందరగా ఎలా మరిచిపోయాం? సత్యం కంప్యూటర్స్ మన ఊరి సాఫ్ట్‌వేర్ కంపెనీ అని మా నాన్న 2008లో నాలుగు వందలు దాటిన ధరకు కొన్నారు. కొనిపించిన బ్రోకరు ఇంటికొచ్చి కాఫీ తాగి మరీ హామీ ఇచ్చాడు. 2009 జనవరి 7న లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ సత్యం అధినేత రామలింగరాజు రాసిన లేఖ బయటపడ్డాక ఆ బ్రోకరు మళ్లీ మా గడప తొక్కలేదు. కంపెనీ ఖాతాల్లో ఉందన్న నగదులో ₹5,040 కోట్లు లేనే లేవు. మరో సాఫ్ట్‌వేర్ కంపెనీ టెక్ మహీంద్రా ఆ మురికంతా తెలిసే షేరుకు ₹58 చొప్పున సత్యంలో వాటా కొంది. 2013 విలీనంలో 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు వచ్చాయి. కంపెనీ ఒకటే, విలీనమూ ఒకటే. ₹58కి కొన్నవాళ్లు బాగుపడ్డారు, మా నాన్న పింఛను డబ్బు పోయింది. ఏ ధరకు కొంటున్నామో చెప్పకుండా కొనమనే మనిషిని నేను క్షమించలేను.

తమ్ముడికి పైసా పెట్టవద్దని చెప్పాను. ఉమ్మడి అప్పు ఎంత, మార్పిడి నిష్పత్తి ఎంత, మీకు కమీషను ఎంత అని గ్రూపులోనే ఆయనను అడిగాను. జవాబు రాలేదు. నా ప్రశ్నను మాత్రం తొలగించారు.