నీళ్ళు చూసే కొబ్బరికాయకు ఒక విన్నపం

మహారాజశ్రీ పీచు తీసి పిలక మిగిల్చిన కొబ్బరికాయ గారి సముఖానికి,

తిరుపతిలో ఉద్యోగం, పాకాల పక్క పల్లెలో నాలుగెకరాల మామిడితోట, ఆ తోట మీద తీరని అప్పు ఉన్న ఒక మనిషి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా క్షేమమని తలుస్తున్నాను అని రాయాలి గానీ, పోయినసారి మిమ్మల్ని పచ్చడి చేసుకుని తిన్నది మా ఇంట్లోనే కాబట్టి ఆ మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు. అయినా మీ జాతికి చావు లేదు కదా. అంగడికి పోతే మళ్ళీ దొరుకుతారు. ఆ ధైర్యంతోనే ఈ ఉత్తరం.

ఆనవాలు చెబుతాను, గుర్తుపట్టండి. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున, బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో చూడమని మా చిన్నాయన పిలిపించిన పెద్దమనిషి అరచేతిలో పడుకుని మీరు మా తోటంతా తిరిగారు. "ఓ పాజిటివ్ రక్తం ఉన్నోళ్ళ చేతిలోనే కాయ లేస్తుంది సామీ" అని ఆయన ముందే చెప్పేశాడు. నాది బి పాజిటివ్. డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాణ్ణే గానీ, రక్తం గ్రూపు దగ్గరే ఓడిపోయాను కాబట్టి గమ్మున వెనకాల నడిచాను. తూరుపు గట్టున బెంగుళూరా మామిడి చెట్టు దగ్గరికి రాగానే మీరు కొంచెం కదిలారు. పిలక పైకెత్తారు. నిటారుగా నిలబడ్డారు. చిన్నాయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. చిన్నమ్మ అక్కడే ఒక రాయి పాతి పసుపు పూసింది.

రిగ్గు బండి వచ్చింది. 450 అడుగుల దాకా దుమ్ము. తెల్ల దుమ్ము, బూడిద రంగు దుమ్ము, మళ్ళీ తెల్ల దుమ్ము. మళ్ళీ మీరే లేచి రెండో పాయింటు చూపించారు, 600 అడుగులు. మూడోది 780. నాలుగోది 1,000. నాలుగోదాంట్లో కాస్త తడి మన్ను వచ్చింది, అది చేతిలోకి తీసుకుని చిన్నాయన "జల వాసన కొడతాంది" అన్నాడు. ఆ వాసనకు కేసింగ్ పైపులతో కలిపి మూడు లక్షల ఇరవై వేలయింది.

బోరు ఫెయిలవడం మా సీమకు కొత్త సంగతేమీ కాదు. నాలుగుసార్లు తప్పినా మీ పరువుకు గీత కూడా పడకపోవడం మాత్రం నాకు కొత్తగా అనిపించింది. మొదటిసారి తప్పు రిగ్గువాడిదట, ఇంకో ఇరవై అడుగులు పోయుంటే ఏరు తగిలేదట. రెండోసారి ఎవడో చెప్పులేసుకుని పాయింటు మీద నడిచాడు. మూడోసారి అమావాస్య దగ్గరపడింది. నాలుగోసారి పక్క తోటవాడు అంతకంటే లోతుగా వేసి మన నీళ్ళు లాగేశాడు. ఇంతమంది ముద్దాయిల్లో మీరు ఒక్కరే లేరు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా ఊరి టీ అంగడి బెంచీ మీద చాలా ఏళ్ళుగా ఒక వ్యాజ్యం నడుస్తోంది. ఎండలు ఎందుకు ముదురుతున్నాయి, వానలు ఎందుకిలా వస్తే ముంచి, రాకపోతే ఎండగడుతున్నాయి అన్నది వాదం. వాది మా రిటైరైన లెక్కల అయ్యవారు. ప్రతివాది ఊరు ఊరంతా. ఒకరోజు అయ్యవారు పేపరు మడిచి, భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం మనుషులేనని, ఆ మాట నూటికి 95 పాళ్ళు ఖాయమని 2013లోనే ఐక్యరాజ్యసమితి కూర్చోబెట్టిన శాస్త్రవేత్తలు తేల్చారని చెప్పాడు. చిన్నాయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"మిగతా అయిదు పాళ్ళ సంగతేంది అయ్యోరా?"

"2021లో ఆ అయిదు కూడా తీసేసి, ఇంక సందేహమే లేదని రాశారు."

"అట్టయితే 2013లో అబద్ధం చెప్పినట్టే కదా!"

బెంచీ మీదున్నవాళ్ళంతా నవ్వారు. అయ్యవారు కూడా నవ్వాడు, వేరే దారి లేక. నాలుగుకు నాలుగూ తప్పిన మిమ్మల్ని నూటికి ఎన్ని పాళ్ళు అని అడిగిన నాథుడు ఇంతవరకూ ఒక్కడు లేడు. ఆ రోజే నాకు తట్టింది, ఈ వ్యాజ్యం తీర్చగలిగినవారు మీరేనని. శాస్త్రవేత్తల నోట్లో "బహుశా", "అయితే", "ఇంత నుంచి ఇంత వరకు" ఎప్పుడూ ఉంటాయి. మీకా పీడ లేదు. లేస్తారు, లేదా పడుకుంటారు.

మీరు తీర్పు చెప్పేముందు ఎవరి వాదన ఏమిటో చెప్పడం నా విధి. టీ అంగడి నడిపే అన్న, అన్నిటికీ సెల్ టవర్లే కారణమనే పార్టీ. మండీలో కమీషన్ వ్యాపారం చేసే ఆయన, మబ్బులను ఎవరో విమానాలతో చెదరగొడుతున్నారంటాడు. ఎవరని అడిగితే కన్నుకొడతాడు. మా చిన్నాయనకు రెండు వాదనలున్నాయి. పొద్దున: "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దోళ్ళు ఊరికే అన్నారా, ఎండలు ఎప్పుడూ ఇంతే." సాయంత్రం: "కలికాలం, లోకం మునుపటి మాదిరి లేదు." రెండూ ఒకే నోట్లో ఎట్లా ఇముడుతాయని నేను అడగలేదు. పొద్దున నమ్మింది సాయంత్రానికి మారడం కూడా వాతావరణమే అనుకోండి. (కార్తెలను నేను వెక్కిరించడం లేదు. అవి లెక్కపెట్టినవాళ్ళు తరతరాలుగా ఆకాశాన్ని చూసి, వానను గుర్తుపెట్టుకుని లెక్కపెట్టారు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని కాదు. క్షమించాలి.)

అయ్యవారి కథ మాత్రం పొడుగు. 1859లో జాన్ టిండాల్ అనే ఆయన లండన్‌లో ఒక గొట్టంలో గాలుల్ని నింపి, కొన్ని వాయువులు వేడిని పట్టి ఉంచుతాయని కొలిచి చూపించాడు. 1896లో స్వీడన్‌లో అర్హీనియస్ అనే ఆయన కాగితం, కలం పెట్టుకుని నెలల తరబడి లెక్కలేసి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి అయిదారు డిగ్రీలు వేడెక్కుతుందన్నాడు. ఇప్పటి అంచనా దానికంటే తక్కువే గానీ, దారి అదే. 1958 నుంచి హవాయి దీవిలో ఒక కొండ మీద ఆ వాయువును కొలుస్తూనే ఉన్నారు. అప్పుడు పది లక్షల పాళ్ళలో సుమారు 315. ఇప్పుడు 420 దాటింది.

"పది లచ్చల్లో నాలుగొందల ఇరవై అంటే ఎంతబ్బా? చిటికెడు లేదే! దానికింత రచ్చనా?" అన్నాడు టీ అంగడి అన్న.

"రాత్రి నువ్వు గిన్నెడు పాలకు ఎంత తోడేస్తావు?" అన్నాడు అయ్యవారు.

అన్న కాసేపు ఆలోచించి, "అది వేరే" అన్నాడు.

సూర్యుడే వేడెక్కాడేమో అన్న వాదన కూడా వచ్చింది. సూర్యుడే కారణమైతే గాలి పొరలు కింది నుంచి పైదాకా వేడెక్కాలి. జరుగుతున్నది వేరు: కింద వేడెక్కుతోంది, పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. దుప్పటి కింద మనం ఉడికిపోతుంటే దుప్పటి పైన చల్లగా ఉన్నట్టు. పైగా బొగ్గులో, పెట్రోలులో ఉండే కార్బన్ లక్షల, కోట్ల ఏళ్ళ కిందటిది కాబట్టి దాంట్లో కార్బన్-14, అంటే కాలం గడిచేకొద్దీ తరిగిపోయే రకం కార్బన్, మిగలదు. గాలిలో చేరినది ఎక్కడి నుంచి వచ్చిందో అట్లా పట్టుకోవచ్చు, దొంగ చేతికి అంటిన రంగు మాదిరి. ఇదంతా అయ్యవారు చెప్పేలోపు సగం బెంచీ ఖాళీ. మీ తీర్పు మూడు సెకన్లలో వస్తుంది.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పాలి. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది కదా. అక్కడ టోల్‌గేటు ఉందని మా ప్రాంతంలో పిల్లవాడికి కూడా తెలుసు. అదే గాదంకిలో అంతరిక్ష విభాగం కింద జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అందులో ఎమ్మెస్టీ రాడారు ఉంది. మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే గాలి పొరల పేర్లలోని మొదటి అక్షరాలే దాని పేరు. వరసకు 32 చొప్పున 32 వరసలు, మొత్తం 1,024 యాంటెన్నాలు పొలంలో నాటినట్టు నిలబడి మన నెత్తిమీది గాలిని వింటుంటాయి. వాటి ముందునుంచే బస్సులో పోయి, పాకాలలో దిగి, ఒక కాయను అరచేతిలో పెట్టుకుని నడిచినవాళ్ళం మేము. అవి వెయ్యిన్నొక్క... కాదు, వెయ్యి ఇరవై నాలుగు నిలబడినా నమ్మం. మీరు ఒక్కరు నిలబడితే చాలు.

2021 నవంబరులో వాయుగుండం వచ్చినప్పుడు ఈ వ్యాజ్యం ఒక పెద్ద మలుపు తిరిగింది. అలిపిరి మెట్ల మీద నీళ్ళు జలపాతం మాదిరి దూకాయి. ఘాట్ రోడ్లు మూసేశారు. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్టకు లీకేజీ పడితే దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు. నేనుండే వీధిలో మోకాలి లోతు నీళ్ళు, వాటి మీద మా పక్కింటివాళ్ళ గ్యాస్ సిలిండర్ తేలుతూ వచ్చి మా గేటు తట్టింది.

ఆ వీధిలో ప్లాట్లు వేసి అమ్మిన పెద్దమనిషి అంతకుముందు మా బెంచీ మీద కూర్చుని, భూతాపం అంతా విదేశాలవాళ్ళ కట్టుకథ అని వాదించినవాడే. మేము నిలదీయడానికి పోతే ఆయన ముఖం విచారంగా పెట్టి, "అంతా క్లైమేట్ చేంజ్ సార్, మన చేతుల్లో ఏముంది?" అన్నాడు. ప్లాట్లు అమ్మేటప్పుడు మారని వాతావరణం, ప్లాట్లలో నీళ్ళు నిలిచాక మారిపోయింది. ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం లేకపోలేదు. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కే కొద్దీ సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు, ఆ మోసిన దాన్నంతా ఒక్కసారి కుమ్మరించగలదు. కానీ ఆ నీళ్ళు చెరువుకు పోయే కాలవను పూడ్చింది మేఘాలు కాదు. ఆ కాలవ మీద ప్లాటు చవగ్గా వస్తుందని కొన్నది కూడా మేఘాలు కాదు, నేను.

అమెరికా సంగతి కూడా మీ దృష్టికి తేవాలి. మా మామ కొడుకు డాలస్ నుంచి సెలవుల్లో వచ్చి, మీరంతా కార్బన్ తగ్గించుకోవాలని బెంచీకి ఉపదేశం చేశాడు. అయ్యవారికి మండి, అక్కడ ఒక్కో మనిషి ఏడాదికి విడిచే కార్బన్ డయాక్సైడ్ మన మనిషి విడిచేదానికి ఆరేడు రెట్లని లెక్క చెప్పాడు. చిన్నాయన ఎగిరి గంతేశాడు. "అదీ మాట! నేను మొదట్నించీ అంటానే ఉన్నా, ఇదంతా మనుషులు చేసిందే అని." ఇరవై ఏళ్ళ వాదన ఆ ఒక్క లెక్కతో గెలిచేశాడు అయ్యవారు. అయితే ఆ మనుషుల్లో మన ఊరు లేదు.

ఇన్ని తెలిసి ఊరుకోలేక మీకు ఒక పద్ధతి రాసిపెట్టాను: మిమ్మల్ని అరచేతిలో పడుకోబెట్టి అన్ని చోట్లా తిప్పుతాం. సెల్ టవర్ కిందికి, ఎర్రచందనం నరికిన శేషాచలం కొండల అంచుకు, థర్మల్ కేంద్రం గొట్టం దగ్గరికి, పూడ్చిన కాలవ మీదికి, పోయిన వేసవిలో నేను వాయిదాల మీద కొన్న ఏసీ కిందికి. దేశంలో కరెంటు ముప్పాతిక వంతు దాకా బొగ్గు నుంచే కాబట్టి థర్మల్ గొట్టం, ఏసీ రెండూ ఒక చోటి కిందే లెక్క. ఎక్కడ లేస్తే అదే కారణం. రాసిన పద్ధతిని ఇంట్లోనే ఒకసారి పరీక్షించి చూద్దామని, రాత్రి అందరూ పడుకున్నాక ఒక కాయను అరచేతిలో పెట్టుకుని హాల్లో నడిచాను. బి పాజిటివ్ అయినా సరే లేచారు. ఏసీ దగ్గర మాత్రం లేవలేదు. పక్కింటి గోడ దగ్గర లేచారు. వాళ్ళకు రెండు ఏసీలున్నాయి.

చేతిని నేను కదిలించలేదని ఒట్టు వేయగలను. ఆ పెద్దమనిషి కూడా మా తోటలో వేయగలిగేవాడే.

ఇప్పటి పరిస్థితి ఇది. మొన్న భూగర్భ జలాల సంగతి తెలిసిన ఒక జియాలజిస్టు వచ్చి, తీగలు పరిచి, భూమిలోకి కరెంటు పంపి కొలిచి, ఇక్కడ నీళ్ళు పడే అవకాశం తక్కువ, ఇంకో బోరు వేయొద్దు, వాన నీళ్ళు ఇంకే గుంటలు తవ్వుకోండి అన్నాడు. చిన్నాయన ఆయన్ను బస్సెక్కించి వచ్చి, "తక్కువ అన్నాడు గానీ లేదు అనలేదు కదరా!" అన్నాడు. ఆదివారం ఐదో పాయింటు. పాత పెద్దమనిషికి మోకాళ్ళ నొప్పులట, రాలేనన్నాడు. స్కూలు ఐడీ కార్డు మీద చూసి మావాడిది ఓ పాజిటివ్ అని చిన్నాయనే కనిపెట్టాడు. వాడికి తొమ్మిదో తరగతి. ఆదివారం వాణ్ణి గాదంకి తీసుకుపోయి, ఆ యాంటెన్నాలను కనీసం రోడ్డు మీంచైనా చూపిస్తానని మాటిచ్చి ఉన్నాను. వాడేమో టెంకాయే బాగుంటుంది నాన్నా అంటున్నాడు.

ఇట్లు,
తమ ఆజ్ఞ ప్రకారం నాలుగు బోర్లు వేసిన
తమ విధేయుడు

తా.క.: ఈసారి ముదురుకాయగా రాగలరు, పచ్చడికి. పోయినసారి పాయింటు దగ్గర మిమ్మల్ని కొడితే ఒక గ్లాసుడు నీళ్ళు వచ్చాయి. మా తోటలో ఆ రెండేళ్ళలో బయటపడిన నీళ్ళు అవే.