మారనివాడు దేవుడు, మానాల్సింది మాత్రలు కాదు

‘నిన్న నేడు నిరంతరం’ అనే ఆ నాలుగు పాయింట్ల మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. సంఘం గ్రూపులో అదే, చుట్టాల గ్రూపులో అదే. పంపినవాళ్లకు విడివిడిగా జవాబు రాసే ఓపిక లేదు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే. మెసేజ్ సారాంశం ఇదీ: హెబ్రీ 13:8 ప్రకారం యేసు మారనివాడు. కాబట్టి (1) ఆనాటి స్వస్థతలు ఈనాడు ప్రతి విశ్వాసికీ జరిగి తీరాలి, మాత్రలు మింగడం అవిశ్వాసం. (2) ఇశ్రాయేలు రాజు సౌలు విషయంలో దేవుడు మనసు మార్చుకున్నాడు, 21 రోజుల ఉపవాసంతో మనమూ ఆయన మనసు మార్చవచ్చు. (3) మలాకీ 3:6లో ‘మార్పులేనివాడను’ అన్నవాడే 3:10లో దశమభాగం (రాబడిలో పదో వంతు) అడిగాడు, ఇస్తే అబ్రాహాముకు ఇచ్చినట్టు ఆస్తి ఇస్తాడు. (4) 11 మందికి పంపితే రాత్రిలోగా శుభవార్త.

నాలుగోదానికి జవాబు అక్కర్లేదు.

రెండోది చూడండి. మొదటి పాయింటులో మారని దేవుడు రెండో పాయింటుకల్లా మారిపోయాడు! రాసినవాళ్లు తమ మెసేజ్ తామైనా చదువుకున్నట్టు లేదు. 1 సమూయేలు 15లో వీళ్లు 11వ వచనం దగ్గర, సౌలును రాజుగా చేసినందుకు పశ్చాత్తాపపడుతున్నానని దేవుడు అన్న చోట, ఆగిపోయారు. 29లో, పశ్చాత్తాపపడడానికి ఆయన నరుడు కాడని ప్రవక్త సమూయేలు సౌలు మొహం మీదే చెబుతాడు. 35లో మళ్లీ 11వ వచనం మాటే వస్తుంది. ఒకే అధ్యాయంలో రెండూ పెట్టినవాడు తెలియక పెట్టలేదు. దీని లెక్క యిర్మీయా 18:7-10లో ఉంది: కీడు చేస్తానని చెప్పిన జనం చెడుతనం మానితే ఆ కీడు రాదు, మేలు చేస్తానని చెప్పిన జనం చెడిపోతే ఆ మేలు దక్కదు. యోనా హెచ్చరికకు మారిన నీనెవె వాళ్లు మొదటి రకం, సౌలు రెండో రకం. నియమం కదల్లేదు, మనుషులు కదిలారు. ఇక ఆ 21 బహుశా దానియేలు మూడు వారాలు ఉపవాసమున్న దానియేలు 10 నుంచి తెచ్చి ఉంటారు. మొదటి రోజే నీ మాటలు వినబడ్డాయని అక్కడ 12వ వచనంలో దూత చెప్పాడు. మిగతా ఇరవై రోజులూ దేవుణ్ణి ఒప్పించడానికి పట్టినవి కావు.

మూడోది. మలాకీ 3:6 నుంచి 3:10కి గెంతేవాళ్లకు 3:5 ఎందుకు కనబడదో! కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్ల మీద, విధవరాలినీ తండ్రిలేనివాళ్లనూ బాధపెట్టేవాళ్ల మీద తీర్పు తీరుస్తానని అక్కడ ఉంది. ఆ వెంటనే, నేను మార్పులేనివాణ్ణి గనుకనే మీరు లయం కాలేదు అంటాడు. అంటే మాట తప్పిన జనం ఇంకా ప్రాణాలతో ఎందుకున్నారో చెబుతున్నాడు. ఆ వచనంలో ఆస్తి ఊసే లేదు. ఆ దశమభాగం మందిర సేవ చేసే లేవీయులకు పోయేది. మూడేళ్లకోసారి ఊళ్లోని పరదేశికీ అనాథకూ విధవరాలికీ కూడా పెట్టాలని ద్వితీయోపదేశకాండం 14:28-29 చెబుతోంది. ఆ లెక్కన పంచే సంఘం ఏదైనా ఉంటే అడ్రసు పంపండి, అది ఫార్వర్డ్ చేద్దాం.

అసలు ప్రాణం మీదికి తెచ్చేది మొదటిది.

క్రైస్తవ సంఘం దేవుడు మారడన్నప్పుడల్లా ఆయన స్వభావం గురించే అంది. 325లో బిషప్పులు కూడిన నీకయ సభ, కుమారుడు మార్పుకు లోనయ్యేవాడన్న బోధను శాపంతో సహా తోసిపుచ్చింది. ప్రొటెస్టంట్ల బోధ పుస్తకం వెస్ట్‌మిన్‌స్టర్ చిన్న ప్రశ్నోత్తరి నాలుగో జవాబులో దేవుడు వేటిలో మారడో ఏడు చెప్పారు: ఉనికి, జ్ఞానం, శక్తి, పరిశుద్ధత, న్యాయం, మంచితనం, సత్యం. చేసిన పనే ప్రతిసారీ చేస్తాడన్నది అందులో లేదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆహారంగా నలభై ఏళ్లు కురిసిన మన్నా, కనాను పంట తిన్న మర్నాడే ఆగిపోయింది. అపొస్తలుల కార్యములు 12లో యాకోబు కత్తికి బలయ్యాడు, అదే అధ్యాయంలో పేతురు చెరసాల నుంచి బయటపడ్డాడు. ఈ రెండింటి మధ్యా దేవుడు మారాడా? పౌలు తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చాడు. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. హిజ్కియా రాజుకు దేవుడు ఇంకో 15 ఏళ్లు ఆయుష్షు ఇస్తానన్నాక కూడా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించారు. వీళ్లంతా అవిశ్వాసులేనా?

మాత్రలు మానితే ఏమవుతుందో కూడా చెప్పుకుందాం. మామూలు టీబీకి రెండు నెలలు నాలుగు మందులు, ఆ తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. కొన్ని వారాలకే జ్వరం తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్లు చేస్తుంది. సరిగ్గా అప్పుడే స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పిస్తారు. లోపల నెమ్మదిగా పెరిగే క్రిములు మాత్రం ఇంకా మిగిలే ఉంటాయి. మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది, మందులకు లొంగని రకంగానూ మారవచ్చు, ఇంట్లో పిల్లలకు ఆ రకమే అంటుకుంటుంది. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లవాడికి ఇన్సులిన్ ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, ఆపైన స్పృహ పోవడం. దాన్ని ‘శోధన’ అనుకుని ఇంకో రాత్రి ప్రార్థన పెట్టుకుంటే తెల్లారేసరికి పిల్లవాడు దక్కకపోవచ్చు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఒకదాని మీద ఒకటి ఆగకుండా రావచ్చు. బీపీ అయితే మరీ మోసం: నొప్పి ఉండదు కాబట్టి స్వస్థత కలిగినట్టే ఉంటుంది, పక్షవాతం వచ్చేదాకా.

ఈ మారని దేవుణ్ణి నమ్మే డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో గుంటూరులో ఆసుపత్రి తెరిచారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం కట్టింది కూడా మిషన్లే. హెబ్రీ 13:8 వాళ్ల బైబిల్లో లేకపోయిందంటారా?

ఒక్క విషయంలో మాత్రం ఆ మెసేజ్ వాళ్లకు దణ్ణం పెట్టాలి. రోగి పిలిస్తే సంఘపు పెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థించాలని యాకోబు 5:14 అంటుంది. సిద్ధాంతం తప్పు లేకుండా చెప్పే మన సంఘాల్లో ఎందరు పెద్దలు వెళ్తున్నారు? రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా వచ్చి మంచం పక్కన కూర్చునేది ఆ ఫార్వర్డ్ బృందమే. అలా రండి, చెయ్యి వేసి ప్రార్థన చేయండి. మాత్రల డబ్బా జోలికి మాత్రం వెళ్లకండి.

స్వస్థత కలిగిందని గట్టిగా నమ్మేవాళ్లు లూకా 17:14 చూడండి. కుష్ఠరోగులు పదిమందిని యేసు నేరుగా సాక్ష్యం చెప్పడానికి పంపలేదు, వెళ్లి యాజకులకు చూపించుకోమన్నాడు. టీబీ అయితే ఇప్పుడు చూడాల్సినవాళ్లు ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష చేసేవాళ్లు. అందులో నెగెటివ్ వచ్చినా డాక్టర్ ఆపమనేదాకా కోర్సు ఆపకూడదు.