జర్మన్ ముత్తాతలపై అభియోగపత్రం

అమెరికాలో నాలుగు కోట్ల మందికి పైగా తమ మూలాలు జర్మనీలో ఉన్నాయని జనాభా లెక్కల వాళ్ళకు చెప్పుకుంటారు. వీళ్ళలో చాలామందికి రిటైరైన మర్నాటి నుంచి ఒకటే పని, ఆ మూలం ఏ ఊళ్ళో ఉందో పట్టుకోవడం. ఏరుల జన్మం, శూరుల జన్మం ఆరా తీయకూడదని మనవాళ్ళు అన్న మాట అట్లాంటిక్ దాటినట్టు లేదు. వాళ్ళ అవస్థలు చూశాక ఈ వ్యాసకర్త ఒక నిర్ణయానికి వచ్చాడు. తప్పు వెతికేవాళ్ళది కాదు, పోయినవాళ్ళది. మూడొందల ఏళ్ళ తర్వాత ఒక మునిమనవడు తమ కోసం కళ్ళు కాయలు కాచేలా కంప్యూటర్ ముందు కూర్చుంటాడన్న ఇంగితం లేకుండా, ఆ తాతలు తమ బతుకులు తాము బతికేసి పోయారు. బతికున్నవాళ్ళ మీదైతే కోర్టులున్నాయి. వీళ్ళను అడిగే నాథుడు లేడు కాబట్టి ఈ అభియోగపత్రం.

పేర్లు పెట్టిన తీరే చూడండి. ఇంట్లో అయిదుగురు మగపిల్లలుంటే అయిదుగురికీ మొదటి పేరు యోహాన్. పిలిచేది రెండో పేరుతో. ఆ రెండో పేర్లయినా వేరుగా ఉంటాయా అంటే, సంగీత విద్వాంసుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఇల్లు చూస్తే చాలు. తండ్రి యోహాన్ అంబ్రోసియస్. ఆ తండ్రికి కవల సోదరుడు యోహాన్ క్రిస్టోఫ్. తల్లీతండ్రీ పోయాక సెబాస్టియన్‌ను పెంచిన పెద్దన్న కూడా యోహాన్ క్రిస్టోఫే. తండ్రికి వరసకు సోదరుడు, ఆయనా సంగీతకారుడే, ఆయన పేరేమిటో ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది. లోకమంతా చేతులెత్తి మొక్కే ఇంట్లోనే ఇలా ఉంటే, పేరూ ఊరూ లేని వాళ్ళ సంగతి చెప్పాలా! పైగా పసిబిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టేవారు. వంశవృక్షం గీసేవాడు పాపం పదకొండు నెలలకే పాతిపెట్టిన పిల్లాడికి పెళ్ళి చేసి, నలుగురు పిల్లల్ని పుట్టించి, ఆ కొమ్మ పట్టుకుని ఇంకో వందేళ్ళు పైకి ఎక్కుతాడు.

ఇంటిపేర్ల విషయంలోనూ అదే నిర్లక్ష్యం. తెలుగులో రాస్తే మాయర్ ఒక్కటే. జర్మన్‌లో ఆ ఒక్క మాయర్‌కీ అయిదారు స్పెల్లింగులు. ఒకే మనిషికి బాప్తిస్మం నాడు ఒకటి, పెళ్ళినాడు ఇంకొకటి, పాతిపెట్టిన నాడు మరొకటి. ఆయనకు రాయడం రాదు, పాస్టరుకు వినిపించింది పాస్టరు రాసుకున్నాడు. ముల్లర్ గారి కూతురిని పాత రిజిస్టర్లలో ముల్లరిన్ అని రాసేవారు, అది వేరే వంశం కాబోలనుకుని కొత్తగా వెతికేవాళ్ళు ఆర్నెల్లు అటు వెళ్ళిపోతారు. వెస్ట్‌ఫేలియాలో మరీ అన్యాయం. అక్కడ చాలాచోట్ల ఇంటిపేరు మనిషిది కాదు, కమతానిది. ఇల్లరికం వెళ్ళిన అల్లుడు పాత పేరు గుమ్మంలో వదిలేసి మామగారి కమతం పేరు పెట్టుకునేవాడు. తండ్రి వంశాన్ని పట్టుకుని వెళుతున్నాననుకునేవాడు నిజానికి ఒక పశువుల కొట్టాన్ని పట్టుకుని వెళుతుంటాడు.

ఇంత కష్టపడ్డాక తేలేదేమిటి? ముల్లర్ అంటే పిండిమర నడిపేవాడు, ష్మిట్ కమ్మరి, ష్నైడర్ దర్జీ, వేబర్ నేతగాడు, ఫిషర్ చేపలు పట్టేవాడు. జర్మనీలో ఎక్కువగా వినిపించే ఇంటిపేర్లు ఇవే. మనకు ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని సామెత ఉంది. వీళ్ళకు ఆ అవకాశం కూడా లేదు, ఇంట్లో ఏ వాసనో ఇంటిపేరులోనూ అదే. కోట, కందకం, కత్తి పట్టుకున్న తాత దొరుకుతాడని బయల్దేరినవాడికి గూని వీపుతో గోధుమ బస్తా మోస్తున్న తాత ఎదురొస్తాడు. తాతలు నేతులు తాగారు, మూతులు వాసన చూడండి అని చెప్పుకుందామంటే ఆ మూతి నిండా పిండి.

ఈ ఇబ్బందిని పండితులు ముందే పసిగట్టారు. 16వ శతాబ్దంలో కాస్త చదువుకున్న ప్రతివాడూ ఇంటిపేరును లాటిన్‌లోకో గ్రీకులోకో తిప్పేసుకున్నాడు. మార్టిన్ లూథర్‌కు కుడిభుజం లాంటి మెలాంక్తన్ అసలు పేరు ష్వార్ట్‌సెర్ట్, అంటే నల్లమట్టి. నల్లమట్టివారబ్బాయి మతసంస్కరణ చేస్తానంటే ఎవరు వింటారు? గ్రీకులో మెలాంక్తన్ అన్నా అదే నల్లమట్టి, కానీ లేచి నిలబడాలనిపిస్తుంది. ఖనిజ శాస్త్రానికి ఆద్యుడని పేరొందిన అగ్రికోలా పుట్టినప్పుడు గేయోర్గ్ బావర్, శుద్ధ రైతు పేరు. మహాకవి గోథే తల్లి పుట్టింటివారు టెక్స్‌టోర్‌లు, లాటిన్ ముసుగు తీస్తే వేబర్‌లే. తండ్రి వైపు తాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో దర్జీ. ఆ దర్జీ మనవడికి 1782లో పేరు ముందు కులీనుల గుర్తయిన ‘ఫాన్’ పెట్టుకునే గౌరవం దక్కింది. ఆయన దాని కోసం రిజిస్టర్లు తిరగెయ్యలేదు, రాసిన పుస్తకాలే అంత పని చేశాయి. మనబోటి వాళ్ళకు అది కష్టమైన దారి.

సులువైన దారి 1919లో తెరిచారు. కొత్త జర్మన్ రాజ్యాంగం రాజవంశాల హక్కులన్నీ తీసేసి, బిరుదులను ఇంటిపేరులో ఒక ముక్కగా మిగిల్చింది. ఇంటిపేరన్నాక పుట్టుకతో వస్తుంది, పెళ్ళితో వస్తుంది, దత్తతతోనూ వస్తుంది. హాన్స్ రోబర్ట్ లిష్టెన్‌బర్గ్ అనే ఆయనను 1980లో, మీసాలొచ్చి చాలా కాలమయ్యాక, అన్‌హాల్ట్ వంశపు వృద్ధ యువరాణి దత్తత తీసుకుంది. ఆయన ఆ రోజు నుంచి ప్రిన్స్ ఫాన్ అన్‌హాల్ట్. 1986లో హాలీవుడ్ నటి జా జా గబోర్‌ను పెళ్ళి కూడా చేసుకున్నాడు. ముత్తాతను వెతికేవాళ్ళు ఈ ఉదాహరణ శ్రద్ధగా పరిశీలించాలి. ఖర్చు లెక్క వేసుకుంటే ముందుకు వెళ్ళి తల్లిని సంపాదించడమే, వెనక్కి వెళ్ళి తాతను సంపాదించడం కంటే చవక కావచ్చు.

రెండో ముద్దాయి పాస్టరు. తాతలు చేసిన పొరపాట్లను ఈయన సిరాతో శాశ్వతం చేశాడు. ఆ రాత పేరు కుర్రెంట్. మన పాత కరణాల గొలుసుకట్టు చూసినవాళ్ళకు ఆ బాధ తెలుస్తుంది. ‘ఎ’కి వాడే అక్షరం అచ్చం ‘న’కి వాడే అక్షరంలా ఉంటుంది, ‘ఉ’ కూడా అంతే, కాకపోతే నెత్తిన చిన్న కొక్కెం ఉంటుంది. పాస్టరుకు ఆ పూట ఓపిక ఉంటేనే కొక్కెం. మూడు అక్షరాలు పక్కపక్కన పడితే రంపం పళ్ళు. పుట్టిన నెల 7బర్ అని ఉంటుంది. ఏడో నెల కదా అని జులై వేసుకుంటారు, అది సెప్టెంబరు. లాటిన్ లెక్కలో అదే ఏడోది. 8బర్ అక్టోబరు. పెళ్ళికాని తల్లికి పుట్టిన బిడ్డను కొందరు పాస్టర్లు రిజిస్టరులో తలకిందులుగా రాసేవారు. ఒక పసికందు మీద అంత కోపం చూపించిన ఆ చేతికి ‘ఉ’ మీద కొక్కెం పెట్టడానికి మాత్రం తీరిక దొరకలేదు.

తేదీల గొడవ ఇంకొకటి. కేథలిక్ రాజ్యాలు 1583 ప్రాంతంలోనే కొత్త కేలండరుకు మారాయి. పోపు పెట్టిన కేలండరు మాకెందుకని ప్రొటెస్టెంట్ రాజ్యాలు 1700 దాకా భీష్మించాయి. వందేళ్ళకు పైగా, పొద్దున ఒక ఊళ్ళో బయల్దేరి మధ్యాహ్నానికి పక్క ఊరు చేరితే పది రోజులు వెనక్కి వెళ్ళేవారు. అప్పులవాళ్ళకు సుఖం, వంశచరిత్రకారుడికి నరకం.

ఆ లిపిని 1915 నుంచి ప్రష్యా బళ్ళలో జూటర్లిన్ అనే కొత్త రూపంలో నేర్పారు, 1941లో నాజీ ప్రభుత్వం మొత్తానికే ఎత్తేసింది. ఇప్పుడు జర్మనీలో పుట్టి పెరిగిన మనవడు కూడా అటకమీద దొరికిన నాయనమ్మ ఉత్తరం చదవలేడు. హాంబర్గ్‌లో కొందరు పెద్దవాళ్ళు ఇలాంటి పాత ఉత్తరాలు చదివిపెట్టే సేవే నడుపుతున్నారు. నాయనమ్మ అంత రహస్యంగా దాచుకున్నదేమిటో చూస్తే తరచుగా బంగాళాదుంపల ధర.

చర్చి పుస్తకాలు ఉంటే కదా ఈ బాధలన్నీ. 1618 నుంచి 1648 దాకా జరిగిన ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో ఊళ్ళతో పాటు పుస్తకాలూ తగలబడ్డాయి. చాలామంది వంశవృక్షాలు సరిగ్గా అక్కడికొచ్చి ఆగిపోతాయి. యుద్ధాన్ని అర్థం చేసుకోవచ్చు, అది యుద్ధం. బ్రెమెన్ రేవు సంగతి అర్థం చేసుకోవడమే కష్టం. అక్కడి నుంచి లక్షల మంది ఓడలెక్కి అమెరికా వెళ్ళారు. వాళ్ళ జాబితాలను అధికారులు భద్రంగా రాశారు, ఆ తర్వాత స్థలం చాలడం లేదని అంతే భద్రంగా పారేశారు. అటు హాంబర్గ్ జాబితాలు 1850 నుంచి 1934 దాకా నిక్షేపంలా ఉన్నాయి. అందుకే తాత ఏ రేవులో ఎక్కాడన్నది ఆయన ఇష్టానికి వదిలేయాల్సిన విషయం కాదంటాను.

ఓడ దిగినవాళ్ళ పేర్లను న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలండ్‌లో గుమాస్తాలు మార్చేశారని అమెరికాలో ప్రతి ఇంట్లో ఒక కథ చెబుతారు. ఆ గుమాస్తాలు కొత్తగా పేర్లు రాయనే లేదు. ఓడ బయల్దేరిన చోట తయారైన జాబితా చూసి టిక్కులు పెట్టుకున్నారు. మార్చుకున్నది తాతే, ఆ తర్వాత తీరిగ్గా, తన చేత్తో. హూబర్ హూవర్ అయ్యాడు, ఐజెన్‌హావర్ ఐసెన్‌హోవర్ అయ్యాడు, ఇద్దరి వంశాల్లోనూ అమెరికా అధ్యక్షులు పుట్టారు. పియానోలు చేసే స్టైన్‌వెగ్ స్టైన్‌వే అయ్యాడు. స్మిత్, మిల్లర్, కార్పెంటర్ అన్న పేర్ల వెనక ఎంతమంది ష్మిట్లు, ముల్లర్లు, జిమ్మర్‌మన్లు దాక్కున్నారో ఆ దేవుడికే తెలియాలి. జర్మనీలోని పాలటినేట్ ప్రాంతంలో ద్రాక్షతోటల మధ్య కాల్‌స్టాట్ అనే చిన్న ఊరుంది. కెచప్ హైన్జ్ తండ్రి అక్కడివాడే, డోనల్డ్ ట్రంప్ తాతా అక్కడివాడే. ఆ తాత 1885లో వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి ఊళ్ళో స్థిరపడదామంటే, సైన్యంలో చేయకుండా తప్పించుకున్నావంటూ అప్పట్లో ఆ ఊరిని ఏలుతున్న బవేరియా సర్కారు 1905లో బయటికి పొమ్మంది. అక్రమంగా ఉన్నవాళ్ళను దేశం దాటించడంలో ఆ కుటుంబానికి అనుభవం అటువైపు నుంచి మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ళు జర్మన్లమని చెప్పుకోవడం మానేసి స్వీడన్ వాళ్ళమన్నారు, 1987లో మనవడి పేరుతో వచ్చిన పుస్తకంలోనూ స్వీడనే ఉంది. ఇంట్లోవాళ్ళే ఇలా రాస్తే బయటివాళ్ళు ఏం వెతుకుతారు?

పెద్దింటివాళ్ళు ఈ పని ఇంకా శుభ్రంగా చేశారు. 1917లో గోతా అనే జర్మన్ బాంబర్ విమానాలు లండన్ మీద బాంబులు వేస్తుంటే, అక్కడి రాజుగారి ఇంటిపేరు సాక్స్-కోబర్గ్-గోతా. జూలై 17న ఐదో జార్జ్ విండ్సర్ అయిపోయారు. వాళ్ళ చుట్టం బాటెన్‌బర్గ్ మౌంట్‌బాటెన్ అయ్యాడు, ‘బర్గ్’ అనే కొండను అటు నుంచి ఇటు మార్చి. ఆ ఇంటి అబ్బాయే ముప్ఫై ఏళ్ళ తర్వాత వైస్రాయిగా వచ్చి మన దేశం పంచిపెట్టి వెళ్ళాడు.

జర్మనీ మొత్తం పట్టుదలగా తాతలను వెతికిన కాలం ఒకటుంది. 1933 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది, ప్రభుత్వోద్యోగికి నలుగురు తాత అమ్మమ్మలూ ‘ఆర్యులు’ అయి ఉండాలి, అంటే యూదులు కాకూడదు. నాజీల ఎస్‌ఎస్ దళంలో చేరాలంటే 1800 దాకా, ఆఫీసరు కావాలంటే 1750 దాకా చూపించాలి. పాస్టర్లు రాత్రీ పగలూ రిజిస్టర్లు తిరగేసి ధ్రువపత్రాలు రాశారు, స్టాంపులు కొట్టారు. గడులు గీసిన చిన్న పుస్తకాలు అచ్చు వేసి అమ్మారు. వంశచరిత్రకు ఏ ప్రభుత్వమూ అంతకు ముందు అంత ప్రోత్సాహం ఇవ్వలేదు. నాయనమ్మ గడిలో రాసిన ఒక్క మాటతో మనిషికి ముందు ఉద్యోగం పోయింది, తర్వాత ఇల్లు పోయింది, ఆ తర్వాత అతను ఏమయ్యాడో ఏ చర్చి పుస్తకంలోనూ రాయలేదు. ఆ గడుల పుస్తకాలు ఇప్పటికీ పాత సామాన్లలో దొరుకుతాయి. వెతికేవాళ్ళకు చాలా ఉపయోగం. తేదీలన్నీ స్పష్టంగా ఉంటాయి, స్టాంపులతో సహా.

ఇక మనకు ఇందులో ఏం పని అంటారా? తెలుగు పుస్తకం తొలిసారి అచ్చయింది 1740లలో జర్మనీలోని హాలేలో, ఆ పని చేసిన పాదరీ బెంజమిన్ షుల్ట్జ్. ఆ ఇంటిపేరు ఊరి పెద్దరికం నుంచి వచ్చింది, మన మునసబు లాంటి ఉద్యోగం. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ హెల్మ్‌స్టెట్‌లో పుట్టినప్పుడు యోహాన్ క్రిస్టియన్ ఫ్రీడ్రిష్, అమెరికా మీదుగా మన దాకా వచ్చేసరికి జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్. ఆ బాకీ ఇప్పుడు మనవాళ్ళు జర్మనీ వెళ్ళి తీరుస్తున్నారు.

ముల్లర్ గారి మునిమనవడు ఓహైయోలో కూర్చుని ఎన్ని తరాలు లెక్కపెట్టినా జర్మన్ పాస్‌పోర్టు రావడం కష్టం. 1870 చట్టం ప్రకారం పదేళ్ళు విదేశంలో ఉండి, కాన్సులేట్‌లో పేరు నమోదు చేయించుకోని తాత పౌరసత్వం ఎప్పుడో పోయింది. గుంటూరు నుంచి వెళ్ళిన కుర్రాడు అయిదేళ్ళు సక్రమంగా ఉండి, తన సంపాదన తాను తింటూ, బి1 స్థాయి జర్మన్ పాసయితే 2024 నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. చిక్కల్లా పేరుతోనే. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, ఇంకొకరికి అందులో నాన్న పేరు. మరొకరికి ఇంటిపేరు, నాన్న పేరు, వెంకటేశ్వరస్వామి పేరు కలిపి ఇరవై ఎనిమిది అక్షరాలు, గడి అయిపోయిన చోట పేరు అయిపోయింది. భార్య పాస్‌పోర్టులో ఆమె పుట్టింటి పేరే ఉంది.

బిడ్డ పుట్టింది. జనన నమోదు కార్యాలయంలో గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని, వీటిలో కుటుంబం పేరు ఏదని అడిగాడు. మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ అపాయింట్‌మెంట్ దొరకడానికే ఏడు వారాలు పట్టింది.

“ఏదో ఒకటి రాసెయ్యమనండి,” అందామె. “తర్వాత చూసుకుందాం.”