లోతు బోరుకు మందు అంటదనే మాటలో నిజమెంత?

"నేలను మించిన వడపోత లేదు, మూడు వందల అడుగుల బోరులోకి ఎరువులు, పురుగుమందులు దిగవు, అనుమానముంటే కాచి తాగండి, మందు మానేస్తే నీరు దానంతటదే బాగుపడుతుంది" అనే సందేశం రైతుల మధ్య విస్తృతంగా తిరుగుతోంది. దీన్ని పూర్తిగా నమ్మితే తాగే నీటికే ఎసరు పెట్టుకున్నట్టవుతుంది.

నేల వడపోస్తుందన్నది కొంతవరకు నిజమే. బురదను, చాలావరకు సూక్ష్మజీవులను అది ఆపుతుంది. నత్రజని సంగతి వేరు. యూరియా నేలలో ముందు అమ్మోనియంగా, ఆపై నైట్రేటుగా మారుతుంది. ధనావేశమున్న అమ్మోనియంను ఋణావేశమున్న బంకమట్టి రేణువులు పట్టి ఉంచుతాయి గానీ, నైట్రేటుదీ ఋణావేశమే కాబట్టి వేర్లు తీసుకోగా మిగిలింది తర్వాతి వానకో తడికో కిందికి జారిపోతుంది. ఎరువును పైరు అవసరాన్ని బట్టి దఫాలుగా వేయమనడం ఖర్చు తగ్గించడానికే కాదు, బావిని కాపాడడానికి కూడా.

ఇక లోతు. కల్తీ నీరు పొరలన్నీ దాటుకునే రావాలన్న నియమమేమీ లేదు. బోరు గోడ కూలకుండా దించే కేసింగు పైపు చుట్టూ ఉన్న సందును సరిగా పూడ్చకపోతే పొలం నీరు ఆ సందు వెంటే దిగుతుంది. మూత లేని పాడు బోరు గురించి చెప్పనే అక్కరలేదు. మనం అంతగా పట్టించుకోనిది మరొకటుంది. స్ప్రేయరు ట్యాంకు నింపేటప్పుడు గొట్టం చివరను మందు నీళ్లలో ముంచి వదిలేస్తాం. ఇంతలో కరెంటు పోతే పైపులోని నీరు బోరులోకి వెనక్కి జారుతూ ట్యాంకులోని మందును కూడా లాక్కుపోగలదు. గొట్టాన్ని నీటి మట్టానికి జానెడు పైన పట్టుకోవడం, లైనులో నీటిని వెనక్కి పోనివ్వని వాల్వు బిగించడం, మందును బోరుకు దూరంగా కలపడం, ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీటిని ట్యాంకులోనే పోయడం: వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

కాచడం సూక్ష్మజీవులకు మందు, నైట్రేటుకు కాదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ నైట్రేటు గాఢత పెరుగుతుంది. బావినీటితో పాలు కలిపి పట్టిన పసిబిడ్డల ఒళ్లు నీలంగా మారడానికీ నైట్రేటుకూ ఉన్న సంబంధం 1945లోనే అమెరికాలో వెల్లడైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 50 మిల్లీగ్రాములు. రంగూ వాసనా లేని దాన్ని పరీక్షతోనే కనిపెట్టగలం.

దానంతటదే బాగుపడుతుందన్న మాటకు కాలిఫోర్నియా బావులే జవాబు. పైరు వేర్లను ఆశించే నులిపురుగులపై వాడిన డీబీసీపీ అనే మందును అక్కడ 1970ల చివర ఆపేశారు. దశాబ్దాల తర్వాతి పరీక్షల్లోనూ అది నీటిలో కనిపిస్తూనే వచ్చింది.